8 బోర్డులు, 35 స్విచ్చులు: కావలి ఇంటి వైరింగు డైరీ

నెల్లూరు జిల్లా కావలిలో మా ఇంటి పాత స్విచ్చి బోర్డులు నేనే మార్చుకున్న డైరీ ఇది. ముందు పని హద్దు చెప్తాను. 250 వోల్టుల లోపు ఇంట్లో ఉన్న స్విచ్చి, ఫ్యూజు, బల్బు, ఫ్యాను తీసి అలాంటిదే ఇంకోటి పెట్టుకోవడానికి మన విద్యుత్ నిబంధనలు ఒప్పుకుంటాయి. కొత్త తీగ లాగడం, మెయిన్ బోర్డు మార్చడం లైసెన్సున్న వాళ్ల పని. ఆ గీత నేను దాటలేదు. దాటాల్సి వచ్చిన చోటల్లా మా వీధి ఎలక్ట్రీషియన్ అన్నను పిలిచాను. ఆయన కూలి కూడా లెక్కలో వేశాను.

ఇల్లు 1989లో నాన్న కట్టించినది. మేడ మీద గది 1998లో వేశారు. గోడలో టేకు పెట్టె, దాని మీద సన్‌మైకా షీటు, షీటుకు నల్లటి పియానో స్విచ్చులు, ఇత్తడి మరలు. తుమ్మలపెంట సముద్రతీరం వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి ఆ ఇత్తడంతా చిలుము పట్టింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను పోయి కరెంటు వచ్చిన సాయంత్రం, దొడ్లో బాత్రూము లైటు వేయబోతే అమ్మకు చెయ్యి జివ్వుమంది. అప్పటి నుంచి ఆమె ఆ స్విచ్చిని చీపురు పుల్లతో నొక్కేది. ఏడు నెలలు అట్లాగే గడిపేశాం. 2024 జులైలో పని పట్టాను.

దశ 1: మ్యాపు (జులై 7)

మొదటి ఆదివారం ఒక్క మర కూడా విప్పలేదు. ఏ ఫ్యూజు కింద ఏముందో రాసుకోవడమే పని.

1. ఇంట్లో అన్ని లైట్లు, ఫ్యాన్లు వేసి ఉంచాను.
2. మెయిన్ ఆపి, ఒక ఫ్యూజు పీకి, మళ్లీ మెయిన్ వేశాను. ఏవి వెలగలేదో రాశాను.
3. సాకెట్లలో ఫోను ఛార్జరు పెట్టి చూశాను.
4. ఒక్కో బోర్డుకూ ఒక్కో కాగితం.

తేలిందేమంటే ఫ్యూజులు 4. హాలు, వరండా ఒకటి. రెండు పడకగదులు ఒకటి. వంటిల్లు, బాత్రూము ఒకటి. మేడకు మెయిన్ దగ్గర్నుంచే వేరే లైను, దానికొక ఫ్యూజు. ఇవి కాక, పాత పద్ధతిలో న్యూట్రల్‌కు, అంటే కరెంటు వెనక్కి పోయే తీగకు కూడా మెయిన్‌లో ఒక ఫ్యూజు ఉంది. ఇది మంచిది కాదు. ఆ ఫ్యూజు ఎగిరిపోతే లైట్లన్నీ ఆరిపోతాయి, కానీ ఫేజు, అంటే కరెంటు వచ్చే తీగ మాత్రం ప్రతి బోర్డులోనూ బతికే ఉంటుంది. కరెంటు లేదనుకుని చెయ్యి పెట్టేవాళ్లకు అదే ముప్పు.

హాలు ఫ్యూజులో ఫ్యూజు తీగ బదులు లావుపాటి రాగి తీగ చుట్టి ఉంది. ఎవరు చుట్టారని అడిగితే నాన్న పేపరు మీంచి తల ఎత్తలేదు.

మల్టీమీటరుతో ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య ఉదయం 231 వోల్టులు, రాత్రి 7 గంటలకు 214.

ఈ మ్యాపులో ఒక తప్పు దొర్లింది. హాలు ఫ్యూజు పీకగానే ఇన్వర్టరు కూత మొదలుపెట్టింది. ఆ గోల భరించలేక దాన్ని ఆపేసి మిగతా పరీక్ష చేశాను. ఆ తప్పు ఏమిటో దశ 3లో తెలిసింది.

కొన్న పనిముట్లు: మల్టీమీటరు 650, ఇన్సులేషన్ పిడి ఉన్న స్క్రూడ్రైవర్లు 380, తీగ తొడుగు ఒలిచే స్ట్రిప్పరు 240, టెస్ట్ ల్యాంపుకు హోల్డరు, 100 వాట్ల పాత రకం బల్బు, తీగ కలిపి 130. టెస్టరు ఇంట్లోనే ఉంది.

ఇప్పటిదాకా: బోర్డులు 0/8, స్విచ్చులు 0/35, ఖర్చు రూ. 1,400.

దశ 2: వరండా బోర్డు (జులై 14)

3 స్విచ్చులు, ఒక సాకెట్. చిన్నది, తప్పు చేసినా వాకిలి లైటేగా అని దీంతో మొదలుపెట్టాను.

షీటు మరలు నాలుగింటిలో రెండు విరిగాయి. మిగతా రెంటికీ కొబ్బరినూనె చుక్క వేసి పావుగంట ఆగితే వచ్చాయి. షీటు ఇవతలికి లాగేసరికి చెక్కపెట్టె అడుగు లేదు. చెదలు తినేసి మట్టి కట్టాయి. ఆ మట్టిలో మూడు బల్లి గుడ్లు, ఒకటి పగిలి తీగల మీద ఎండిపోయి ఉంది.

ఇక్కడ నా పొరపాటు కొలతది. పాత చెక్కపెట్టె 10 అంగుళాలు × 8 అంగుళాలు. ఈ రంధ్రం చూసి 8 మాడ్యూళ్ల, అంటే 8 గళ్ల ప్లేటు కొన్నాను. కానీ ప్లేటు ఎంచుకోవాల్సింది రంధ్రం సైజును బట్టి కాదు, అందులో కూర్చునే సామాన్ల లెక్కను బట్టి. 6 ఆంపియర్ల స్విచ్చి ఒక మాడ్యూలు, 6 ఆంపియర్ల సాకెట్ రెండు. 3 + 2 = 5. అంటే 6 మాడ్యూళ్ల ప్లేటు, ఖాళీ గడి మూయడానికి ఒక డమ్మీ చాలు. విప్పిన ప్లేటు వెనక్కి తీసుకోనన్నాడు ట్రంకు రోడ్డు అంగట్లో. రూ. 170 పోయినట్టే.

రంధ్రం పెద్దది, కొత్త ఇనుప పెట్టె చిన్నది. చుట్టూ ఇటుక ముక్కలు, సిమెంటు పెట్టి కూర్చోబెట్టాలి. నేను పెట్టెను గోడకు సమానంగా పెట్టి సిమెంటు వేశాను. ఎండాక చూస్తే ఎడమ వైపు 4 మిల్లీమీటర్లు కిందికి దిగింది. రెండో బోర్డు నుంచి నీటిమట్టం గొట్టం పెట్టి, పెట్టెకు రెండు పక్కలా చెక్క చీలికలు బిగించాకే సిమెంటు వేశాను. తరువాత ఏదీ జారలేదు.

తీగలకు గుర్తులు పెట్టడానికి ఫోటో సరిపోతుందనుకోవద్దు. ఫోటోలో అయిదు ఎర్ర తీగలు అయిదు ఎర్ర తీగల్లాగే కనిపిస్తాయి. దెబ్బలకు వేసే తెల్ల ప్లాస్టరు ముక్క ప్రతి తీగకూ చుట్టి, బాల్‌పెన్నుతో "వాకిలి", "గేటు", "వచ్చే ఫేజు" అని రాశాను. అన్ని పద్ధతుల్లోకీ ఇదే ఎక్కువ పనికొచ్చింది.

ఇప్పటిదాకా: బోర్డులు 1/8, స్విచ్చులు 3/35, ఈ దశ రూ. 685 (వృథా 170 కలిపి), మొత్తం రూ. 2,085.

దశ 3: హాలు, ఇన్వర్టరు (జులై 21)

హాల్లో 8 స్విచ్చులు, 2 సాకెట్లు, 2 ఫ్యాను రెగ్యులేటర్లు. ఎనిమిదో స్విచ్చి మెట్ల లైటుది, టూవే, అంటే కింద నుంచీ పై నుంచీ వేసి ఆపుకునేది. దాన్ని తరువాతకు వదిలేశాను.

మెయిన్ ఆపాను. ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాను. బోర్డులో సాకెట్‌లో టెస్టరు పెట్టాను, వెలగలేదు. సరే అనుకుని షీటు విప్పి, ఫ్యాను స్విచ్చి కింద మర తిప్పుతున్నాను. స్క్రూడ్రైవరు జారి పక్కన న్యూట్రల్ ముడికి తగిలింది. టప్పని శబ్దం, నీలం మంట. మా అబ్బాయి టార్చి కింద పడేశాడు.

చెయ్యి కాలలేదు. స్క్రూడ్రైవరు కొన మీద ఆవగింజంత గుంట పడింది, అంచు నల్లగా కరిగిపోయింది.

కారణం తరువాత గీసి చూస్తే తేలిక. మెయిన్ ఆపితే ఇన్వర్టరుకు అది కరెంటు పోవడమే. వెంటనే బ్యాటరీ నుంచి 230 వోల్టులు పంపుతుంది. హాలు బోర్డులో ఒక ఫ్యాను, ఒక ట్యూబులైటు ఇన్వర్టరు ఫేజు మీద ఉన్నాయి. మిగతావి మామూలు ఫేజు మీద. నేను పరీక్షించిన సాకెట్ మామూలు ఫేజుది. అంటే ఒకే బోర్డులో రెండు చోట్ల నుంచి వచ్చే కరెంటు. ఒక చోట చూసి బోర్డంతా చచ్చిందనుకున్నాను. ఆ రోజు కూడా ఇన్వర్టరు కూసింది. హాల్లో టీవీ గోలలో వినిపించలేదు.

మార్చుకున్న పద్ధతి:

1. ముందు ఇన్వర్టరు మీద ఉన్న స్విచ్చి ఆపాలి.
2. ఇన్వర్టరు ప్లగ్గు గోడలోంచి పీకాలి. ఆపి ఉన్నా కొన్ని ఇన్వర్టర్లు మెయిన్ కరెంటును అలాగే అవతలికి పంపిస్తాయి.
3. తరువాత మెయిన్, ఫ్యూజు.
4. టెస్టరు ముందు కరెంటు ఉన్నచోట పెట్టి, వెలుగుతోందని చూసుకోవాలి. ఆ తరువాతే పని చేసే చోట.
5. బోర్డులో ప్రతి మరకూ పెట్టాలి. ఎనిమిది స్విచ్చులైతే పదహారు మరలూ.

అయిదోది విసుగు పుట్టిస్తుంది. అయినా ఆ రోజు నుంచి ఒక్కటి కూడా వదల్లేదు.

రెగ్యులేటరు సంగతి: పాతవి గుండ్రటి తిప్పుడు పెట్టెలు, లోపల రెసిస్టెన్సు తీగ. ఫ్యాను ఒకటో నంబరులో ఉంటే పెట్టె చేత్తో తాకలేనంత వేడెక్కేది. కొత్తవి మెట్ల రెగ్యులేటర్లు, లోపల కెపాసిటర్లు, 5 మెట్లు. అరగంట తిరిగాక తాకితే చల్లగానే ఉంది. దీనికి న్యూట్రల్ అక్కర్లేదు. స్విచ్చి దాటి ఫ్యానుకు పోయే ఫేజు దారిలోనే ఇది కూర్చుంటుంది.

ఖర్చు: స్విచ్చులు 7 × 45 = 315, సాకెట్లు 2 × 110 = 220, రెగ్యులేటర్లు 2 × 320 = 640, 18 మాడ్యూళ్ల ప్లేటు 340, పెట్టె 210, డమ్మీలు 4 × 20 = 80. కరిగిన స్క్రూడ్రైవరు బదులు ఇంకోటి 120.

ఇప్పటిదాకా: బోర్డులు 2/8, స్విచ్చులు 10/35, ఈ దశ రూ. 1,925, మొత్తం రూ. 4,010.

దశ 4: రెండు పడకగదులు (ఆగస్టు 4, 11)

పడమటి గదిలో మొదటి తీగ తొడుగు కటింగ్ ప్లేయరుతో ఒలిచి మర కింద వంచాను. పుటుక్కున విరిగింది. మళ్లీ ఒలిచాను, మళ్లీ విరిగింది. మూడోసారికి గోడలోంచి బయటికి మిగిలింది 4 సెంటీమీటర్లు.

గోటితో గీరితే తెల్లగా మెరిసింది. అల్యూమినియం. లోపల ఒకే పోగు, కొలిస్తే 1.4 మిల్లీమీటర్ల మందం. లెక్క కడితే సుమారు 1.5 చదరపు మిల్లీమీటర్లు. ఆ రోజుల్లో లైట్లకు ఇదే వాడేవాళ్లు. అల్యూమినియం మీద కత్తి గాటు పడితే అక్కడే విరుగుతుంది. ఒకసారి వంచిన చోట రెండోసారి వంచినా విరుగుతుంది. ప్లేయరుతో ఒలిచేటప్పుడు నాకు తెలియకుండానే చుట్టూ గాటు పెడుతున్నాను.

మార్చింది:

1. స్ట్రిప్పరులో సరైన గాడిలో పెట్టి ఒలవడం.
2. 9 మిల్లీమీటర్లు ఒలిచి, వంచకుండా నేరుగా కొత్త స్విచ్చి రంధ్రంలోకి దూర్చడం. మాడ్యులర్ స్విచ్చిలో మర పక్క నుంచి నొక్కుతుంది, చుట్టు తిప్పే పని లేదు.
3. పొట్టిగా మిగిలిన తీగకు మర కనెక్టరుతో రాగి ముక్క కలపడం. రాగిని, అల్యూమినియాన్ని చేత్తో మెలిపెట్టి టేపు చుట్టకూడదు. ఉప్పుగాలి తేమకు ఆ రెండూ కలిసిన చోట తుప్పు తిని కాంటాక్టు లూజవుతుంది, లూజైన చోట వేడెక్కుతుంది.

అల్యూమినియం మర కింద నెమ్మదిగా అణిగి వదులవుతుంది కూడా. అందుకని నెల తరువాత, సెప్టెంబరు 8న, ఈ రెండు గదుల్లోని 10 స్విచ్చుల మరలు మళ్లీ బిగించాను. నాలుగు స్విచ్చుల దగ్గర మర పావు చుట్టు తిరిగింది. ఈ పని ఎవరూ చెప్పరు, అంగట్లో కూడా.

తూర్పు గదిలో అంతా మామూలే, రెండు గంటల్లో అయిపోయింది.

రెండు గదుల్లోనూ సాకెట్‌కు మూడో రంధ్రం ఉంది, వెనకాల ఎర్త్ తీగ లేదు. ఎర్త్ అనుకున్న పిన్నుకూ ఫేజుకూ మధ్య మల్టీమీటరు 38 వోల్టులు చూపించింది. టెస్ట్ ల్యాంపు పెడితే వెలుగన్నదే లేదు. దేనికీ కలవని పిన్నులో పక్క తీగల ప్రభావంతో మీటరుకు మాత్రమే కనబడే వోల్టేజి ఇది. బల్బు వెలిగించే శక్తి దానికి ఉండదు. అందుకే ఈ పనిలో మీటరు ఒక్కటే చాలదు, 100 వాట్ల బల్బు కూడా పక్కనుండాలి.

ఇప్పటిదాకా: బోర్డులు 4/8, స్విచ్చులు 20/35, ఈ దశ రూ. 2,460, మొత్తం రూ. 6,470.

దశ 5: వంటిల్లు, బాత్రూము (ఆగస్టు 18, 25)

వంటింటి బోర్డు ఇంకా విప్పకముందే, శనివారం రాత్రి అమ్మ మిక్సీ ఆగిపోయిందని పిలిచింది. చూస్తే లైటు లేదు, ఎగ్జాస్టు ఫ్యాను తిరగడం లేదు, ఫ్రిజ్ కూడా చచ్చింది. ఫ్యూజు బాగానే ఉంది. సాకెట్ కుడి రంధ్రంలో టెస్టరు పెడితే వెలిగింది. ఎడమ రంధ్రంలో పెట్టినా వెలిగింది.

నాన్న వెనక నుంచి, "రెండు ఫేజులు కలిసిపోయుండాయి, ముట్టుకోబాకమ్మా" అన్నాడు. నేను కూడా ఒక్క నిమిషం నమ్మాను. నిజంగా రెండు ఫేజులు కలిస్తే ఆ రెంటి మధ్య 400 వోల్టులు రావాలి. మా ఇంటికి సింగిల్ ఫేజు తప్ప ఇంకోటి రాదు. మీటరు పెడితే రెండు రంధ్రాల మధ్య 0.

రెండింటిలోనూ టెస్టరు వెలుగుతుంది, రెంటి మధ్య మాత్రం ఏమీ లేదు. అంటే రెండూ ఒకే ఫేజు. న్యూట్రల్ ఎక్కడో తెగింది. వేసి ఉన్న లైటులోంచి, ఫ్యానులోంచి ఫేజు దాటి, వెనక్కి పోయే దారి లేక తెగిన న్యూట్రల్ ముక్క అంతా నిండిపోయింది. రుజువు చూడ్డానికి బోర్డులో ఒక్కో స్విచ్చీ ఆపుతూ వచ్చాను, ఫ్రిజ్ ప్లగ్గు పీకాను. చివరి స్విచ్చి ఆపగానే ఎడమ రంధ్రంలో టెస్టరు ఆరిపోయింది. మళ్లీ ఒక లైటు వేస్తే మళ్లీ వెలిగింది.

ఇది ఇంత పొడుగ్గా ఎందుకు రాస్తున్నానంటే, చాలా ఇళ్లలో టెస్టరు వెలిగితే ఫేజు, వెలగకపోతే న్యూట్రల్ అనే ఒక్క సూత్రంతో పని నడిపేస్తారు. టెస్టరు చెప్పేది ఆ తీగ మీద వోల్టేజి ఉందని మాత్రమే. అది ఎటు నుంచి వచ్చిందో దానికి తెలియదు.

న్యూట్రల్ తెగిన చోటు వంటింటి తలుపు పైన జంక్షన్ పెట్టెలో దొరికింది. రాగి, అల్యూమినియం మెలిపెట్టి చుట్టిన టేపు గట్టిపడి, బొగ్గు ముక్కలాగా చేతిలో పొడైపోయింది. ఇది నా హద్దు దాటిన పని. ఎలక్ట్రీషియన్ అన్న వచ్చి కాలిన భాగం కోసేసి కనెక్టరు వేశాడు. కూలి 500. "అక్కా, ఇది ఇప్పటిది కాదు, ఏళ్ల తరబడి కాల్తా వచ్చుండాది" అన్నాడు. వేసవిలో ఆ పెట్టె దగ్గర వాసన వస్తే పోపు మాడిందనుకునేవాళ్లం.

బోర్డులో మిక్సీకీ ఫ్రిజ్‌కూ పాత 5 ఆంపియర్ల సాకెట్లు ఉన్నాయి. మిక్సీ సాకెట్ ఒక రంధ్రం గోధుమ రంగుకు మాడింది. అక్కడ మళ్లీ 6 ఆంపియర్లదే పెట్టాను. 16 ఆంపియర్ల సాకెట్ పెట్టాలని అంగట్లో సలహా ఇచ్చారు గానీ, వెనక ఉన్న తీగ 1.5 అల్యూమినియం. సాకెట్ పెద్దదైతే రేపు ఎవరో ఇండక్షన్ పొయ్యి పెడతారు, తీగ మాత్రం అదే ఉంటుంది. తీగ మార్చే దాకా సాకెట్ పెద్దది చేయకూడదు.

ఇక అమ్మ చీపురు పుల్ల స్విచ్చి. బాత్రూము బోర్డు షీటు బిగించిన ఇత్తడి మరకూ ఎర్త్‌కూ మధ్య కొలిస్తే, ఎండ రోజున 61 వోల్టులు. మొదట ఇది కూడా మీటరు భ్రమే అనుకున్నాను. టెస్ట్ ల్యాంపు పెట్టాను, వెలగలేదు. కానీ షీటు అంచున మగ్గెడు నీళ్లు చిలకరించి, మీటరు మళ్లీ పెడితే 140 దాటింది. విప్పితే కథ బయటపడింది. 1989లో షీటు బిగించేటప్పుడు వచ్చే ఫేజు తీగ మర కొనకూ చెక్కకూ మధ్య నలిగింది. తొడుగు మీద సన్నటి గాటు. ఎండలో ఆ గాటుకూ మరకూ మధ్య గాలి ఉంది. తడిసిన టేకు చెక్క ఆ ఖాళీని కలిపేస్తుంది. మనకు గట్టి వానలు ఎక్కువగా ఆశ్వయుజ, కార్తీకాల్లో, వాయుగుండాలతో వస్తాయి కాబట్టి షాకు కూడా ఆ రెండు నెలలే. మిగతా పది నెలలు అమ్మ మాట ఎవరూ నమ్మలేదు. నేను కూడా.

తీగ ఆ గాటు దాకా కోసేసి, చెక్కపెట్టె పీకి, ప్లాస్టిక్ పెట్టె పెట్టాను. మరలు ఇప్పుడు ప్లేటు లోపల, మీద ప్లాస్టిక్ మూత.

ఇప్పటిదాకా: బోర్డులు 6/8, స్విచ్చులు 28/35, వంటిల్లు రూ. 1,690 (కూలి కలిపి), బాత్రూము రూ. 390, మొత్తం రూ. 8,550.

దశ 6: మెట్లు, మేడ (సెప్టెంబరు 1)

టూవే స్విచ్చికి మూడు మరలు. ఒకటి కామన్. కింది స్విచ్చి కామన్‌కు ఫేజు వస్తుంది, పై స్విచ్చి కామన్ నుంచి బల్బుకు పోతుంది. రెండు స్విచ్చుల మిగతా రెండేసి మరలను రెండు తీగలు కలుపుతాయి. కింద ఏ తీగ మీద ఫేజు పెట్టామో, పైన కూడా అదే తీగను పట్టుకుని ఉంటే లైటు వెలుగుతుంది.

కింద, హాలు బోర్డులో, పాతదాని పై మర తీగను కొత్తదాని పై మరకు, మధ్యది మధ్యకు, కిందది కిందికి మార్చాను. కింద వేస్తే వెలిగింది. పైకెళ్లి ఆపితే ఆరింది. కిందికొచ్చి ఎటు నొక్కినా వెలగదు. రెండు స్విచ్చులకూ కలిపి నాలుగు రకాల స్థితులు ఉంటాయి. కాగితం మీద రాసి చూస్తే, ఒక్కదాంట్లోనే వెలుగుతోంది. సరిగా ఉంటే రెంటిలో వెలగాలి.

పాత స్విచ్చిలో కామన్ పైన ఉంది, కొత్తదాంట్లో మధ్యన. చోటు చూసి మార్చాను, పని చూసి మార్చలేదు. కామన్ కనుక్కోవడం సులువే:

1. స్విచ్చిని ఇంకా తీగలు కలపకుండా చేతిలోకి తీసుకోవాలి.
2. మీటరును కూత పెట్టే స్థానంలో (రెండు మొనల మధ్య దారి ఉంటే కూస్తుంది) పెట్టి, మరలను రెండేసి పరీక్షించాలి.
3. స్విచ్చి ఎటు ఉన్నా, మిగతా రెంటిలో ఏదో ఒకదానితో కూత పెట్టేదే కామన్. మిగతా రెండు మరలూ తమలో తాము ఎప్పుడూ కలవవు.

పైన ఇంకో చిక్కు. అక్కడ ఫేజు నల్ల తీగలో వస్తోంది, న్యూట్రల్ ఎర్ర దాంట్లో. నాన్నను అడిగితే ఈసారి జవాబు చెప్పాడు. "ఆదివారం పూట పని. ఎర్ర తీగె చాల్లేదన్నాడు. అంగళ్లు మూసుండాయి. ఉన్నదాంతో లాగించెయ్యమన్నాను." 1998 నాటి ఆ ఆదివారం ఇప్పటికీ గోడలో ఉంది. నల్ల తీగ కొనకు ఎర్ర టేపు, ఎర్ర తీగ కొనకు నల్ల టేపు చుట్టాను. మేడ గది 4 స్విచ్చులు ఆ సాయంత్రమే అయిపోయాయి.

ఇప్పటిదాకా: బోర్డులు 8/8, స్విచ్చులు 35/35, మెట్లు రూ. 410, మేడ రూ. 830, మొత్తం రూ. 9,790.

దశ 7: ఆర్‌సీసీబీ, దాన్ని పడేసే మెట్ల లైటు (సెప్టెంబరు 22 – అక్టోబరు 6)

బాత్రూము కథ తరువాత ఆర్‌సీసీబీ పెట్టించాలనుకున్నాను. ఫేజులో పోయిన కరెంటు న్యూట్రల్‌లో అంతా తిరిగి వచ్చిందా అని చూసే పరికరం ఇది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే క్షణంలో కరెంటు ఆపేస్తుంది. ఫ్యూజు, దాని బదులు వాడే ఎంసీబీ స్విచ్చి చూసేది కరెంటు మరీ ఎక్కువైందా అని మాత్రమే. మనిషికి షాకు కొట్టేంత కరెంటు వాటి కంటికి ఆనదు.

ఎలక్ట్రీషియన్ అన్న కింది అంతస్తు వరకు పెట్టాడు. న్యూట్రల్ ఫ్యూజు తీసేసి నేరుగా కలిపాడు, లావు రాగి తీగ కూడా పోయింది. మేడ లైను విడిగానే ఉంచాం. అన్న వెళ్లిపోయాక, రాత్రి 7 గంటలకు మెట్ల లైటు వేశాను. టక్కున కింది అంతస్తంతా చీకటి.

రెండు వారాలు దీంతోనే సరిపోయింది. నేను పోయిన తప్పు దార్లు వరుసగా:

1. కొత్త టూవే స్విచ్చి చెడిందనుకుని ఇంకోటి పెట్టాను. మళ్లీ పడింది.
2. బల్బు పీకి స్విచ్చి వేశాను. పడలేదు. కాబట్టి హోల్డరు లీకనుకుని హోల్డరు మార్చాను. మళ్లీ పడింది.
3. తీగ తొడుగు ఎక్కడో పోయిందనుకుని గోడంతా తడిమాను.

దారి చూపింది మావాడు. ఒక రాత్రి చీకట్లో దిగలేక, దేవుడి గదిలోని అర వాటు ఎల్‌ఈడీ బల్బు తెచ్చి మెట్ల హోల్డరులో పెట్టాడు. అది వెలిగింది, ఆర్‌సీసీబీ పడలేదు. 9 వాట్ల బల్బు పెడితే పడుతోంది.

తీగ తొడుగు పోయి లీకైతే బల్బు సైజుతో దానికి పనేముంది? 9 వాట్లను 230తో భాగిస్తే 39 మిల్లీ ఆంపియర్లు. అర వాటుకు 2 పైచిలుకు. అంటే లీకయ్యేది బల్బు వాడే కరెంటే, మొత్తంగా. అది కింది ఫేజు నుంచి పోతోంది, కింది న్యూట్రల్‌కు తిరిగి రావడం లేదు.

మెయిన్ ఆపి, మేడ న్యూట్రల్‌ను మెయిన్ దగ్గర విడదీయించి, హోల్డరు న్యూట్రల్ నుంచి మీటరుతో కూత పరీక్ష చేశాం. కింది న్యూట్రల్‌తో కూత లేదు. మేడ న్యూట్రల్‌తో కూసింది. మళ్లీ ఆ ఆదివారమే. హోల్డరు మేడ గది పక్కనే ఉంది కాబట్టి దగ్గర్లోని న్యూట్రల్ అందుకున్నారు, కింది నుంచి రావాల్సిన తీగ మిగిలింది. ఫ్యూజులున్నన్నాళ్లూ ఇది ఎవరికీ పట్టలేదు. కానీ మేడ లైను ఆపేసి పైన పనిచేసేవాడికి ఆ న్యూట్రల్ ముడి విడదీస్తే, కింది ఫేజు బల్బులోంచి వచ్చి కొట్టేది.

అన్న మెట్ల వెంట పైపులోనే కింది నుంచి కొత్త న్యూట్రల్ లాగాడు. పాత తీగను కట్టి లాగితే మొదటి వంపులో ఇరుక్కుంది. తీగకు టాల్కం పౌడరు పూసి, ఒకరు పైనుంచి తోస్తూ ఒకరు కిందనుంచి లాగితే వచ్చింది. 11 మీటర్లు పట్టింది, 1.5 రాగి, మీటరు 24 చొప్పున 264.

ఆర్‌సీసీబీ మీద "టి" అని బొత్తాం ఉంటుంది. నెలకోసారి నొక్కి, పడుతోందని చూడాలి. అక్టోబరు 6న నొక్కాను, పడింది. కొత్త కొలతలు, వంటింటి బోర్డులో: ఫేజు–న్యూట్రల్ 228, ఫేజు–ఎర్త్ 226, న్యూట్రల్–ఎర్త్ 2.

ఈ దశ: ఆర్‌సీసీబీ 2,150, కూలి 1,200, తీగ 264. రూ. 3,614.
మొత్తం రూ. 13,404. అనవసరంగా మార్చిన టూవే స్విచ్చి, హోల్డరు మావాడు తన పాకెట్ మనీతో కొన్నాడు, లెక్కలో వేయనివ్వలేదు.

అక్టోబరు నడిమిలో వాయుగుండం వానలు మూడు రోజులు పట్టాయి. మొదటి రోజు అమ్మ బాత్రూము స్విచ్చిని వేలి వెనకవైపుతో తాకి, ఆగి, మళ్లీ తాకి, తరువాత వేసింది. చీపురు పుల్ల మాత్రం ఇంకా తలుపు సందులోనే ఉంది.

మిగిలిన పనులు: పడకగదుల సాకెట్లకు ఎర్త్ లాగించాలి, అన్న సంక్రాంతి అయ్యాక వస్తానన్నాడు. అందాకా వాటి మీద "ఎర్త్ లేదు" అని ప్లాస్టరు అంటించాను. మేడకు ఇంకో ఆర్‌సీసీబీ. వరండా ప్లేటు 4 మిల్లీమీటర్ల వంకర అలాగే ఉంది.